నలభై రూపాయల సంతకం

ఆ సోమవారం పొద్దున ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఆ రోజు కూలి వదులుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్న మామ జోసఫ్. పెళ్లినాటి పట్టుచీర కట్టుకున్న అత్త విక్టోరియా. గోడకు వీపు ఆనించి కూర్చున్న అమ్మమ్మ సారమ్మ. రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు కట్టించుకుని, వాటిని పీకొద్దన్నందుకు ఏడుస్తున్న మూడేళ్ల ప్రసన్న. తలుపు పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డ సువార్త.

వీళ్లు కాక మూడు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, సాసర్లతో సహా ఆరు పింగాణీ కప్పులు కూడా ఆ గదిలో ఉన్నాయి. అవి ఆ ఇంటివి కావు. మేడ మీద ఉండే ఓనరు అనంతలక్ష్మిగారివి. పొద్దున్నే నాలుగుసార్లు మెట్లెక్కి దిగి వాటిని మోసుకొచ్చింది సువార్తే. ఫ్యానును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని దించింది.

"ఆఫీసరుగారొస్తే చాప మీద కూర్చోబెడతారుటే? తీసుకెళ్లు, తీసుకెళ్లు. కప్పులు మాత్రం జాగ్రత్త. ఒక్కటి పగిలినా సెట్టు పోతుంది" అని అనంతలక్ష్మిగారే అడక్కుండా ఇచ్చారు.

రాబోయేది ఉప్పల్ మండలాఫీసు గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. సువార్తకు స్కాలర్‌షిప్ రావాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలి. అది ఇవ్వాలంటే ఆయన ఇంటికొచ్చి విచారణ చెయ్యాలి.

సువార్తకు పదిహేడేళ్లు. తండ్రి ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. తల్లి రెండేళ్ల కింద కామెర్లతో పోయింది. ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉండి, రోజూ ఏడు కిలోమీటర్లు నడిచి ఇంటర్ చదివింది. అది అయ్యాక అమ్మమ్మతో కలిసి నాచారంలో మామ ఇంటికి వచ్చింది. కోఠీలో ఆడపిల్లల యూనివర్సిటీ కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. గోడకు అంటించిన జాబితాలో తన పేరు తనే చూసుకుంది. పక్కనున్న పిల్లలు వేలు పెట్టి నాన్నలకు చూపిస్తున్నారు. చూపించడానికి ఎవరూ లేక, సువార్త తన పేరును మళ్లీ ఒకసారి తనే చూసుకుని వచ్చేసింది.

ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి రెండువేల పైన. స్కాలర్‌షిప్ ఉన్న పిల్లలు అది ముందు కట్టక్కర్లేదు, కాగితాలు చూపిస్తే చాలు. బీసీ-సి అని రాసిన కులం కాగితం ఊరినుంచే తెచ్చుకుంది. ఇక మిగిలింది ఆదాయం కాగితం. ఇంటి సంపాదన సంవత్సరానికి పన్నెండు వేలు దాటదని దాని మీద ఎమ్మార్వో సంతకం ఉండాలి. శనివారం ఆఖరు రోజు. ఆ తర్వాత సీటు జాబితాలో కింద ఉన్న పిల్లకు పోతుంది.

అందుకే ఆ రోజు ఇల్లంతా ఇంత హడావుడి. ఓనరు మేడను ఆనించి దించిన రేకుల కప్పు కింద ఒకటే గది, దాని వెనక పొయ్యికి చారెడు చోటు. చాప చుట్టి మూలకు పెట్టారు. అమ్మమ్మ కుంపటి కనపడకుండా దాని మీద దుప్పటి కప్పారు. అతుకులు పడ్డ రెండు బొంతలను ట్రంకుపెట్టె వెనక దాచారు. పేదవాళ్లమని చెప్పుకోవడానికి పిలిచిన మనిషి ముందు పేదరికం కనపడకుండా నలుగురూ కలిసి సర్దారు. అందులో తప్పేముందో అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇంటికొచ్చే పెద్దమనిషిని మర్యాదగా చూడాలి, అంతే.

"ఈ ఫ్యాను ఏందిరా కొడకా, నా మొకం మీదికే తిరుగుతది. సలి పెడుతున్నది" అంది సారమ్మ.

"ఊకో అమ్మా. సార్ వచ్చినంక ఆయన దిక్కు తిప్పుతం."

పదకొండింటికి గిర్దావర్ చిదంబరం లూనా మీద వచ్చాడు. చంకలో ఫైలు, మెడ చుట్టూ చేతిరుమాలు. వెనకే నలుగురు వాడవాళ్లు గుమ్మం దగ్గర చేరారు. వాళ్లలో చర్చి పెద్ద కూడా ఉన్నాడు.

చిదంబరం కుర్చీలో కూర్చుని ఫ్యాను వైపు మెడ చాచాడు. "అబ్బ! పానం లేసొచ్చిందయ్యా. మా ఆఫీసుల గూడ గింత గాలి రాదు."

విక్టోరియా సాసరులో కప్పు పెట్టి చాయ్ ఇచ్చింది.

"ఏం పని జేస్తవ్?"

జోసఫ్ జవాబు చెప్పేముందు గుమ్మం వైపు చూశాడు. మందుల కంపెనీలో అతను డ్రమ్ములు మోసే కూలి. కంట్రాక్టరు కింద తొమ్మిదేళ్లుగా అదే పని. రసాయనాలు తగిలి అరచేతుల మీద చర్మం పొట్టు లేచి ఉంటుంది. కానీ పెళ్లి మాటలప్పుడు ఎవరో కంపెనీలో సూపర్‌వైజరన్నారు. ఆ మాట విక్టోరియా పుట్టింటికి పోయింది, చర్చికి పోయింది. ఆదివారం చందా పళ్లెం దగ్గర కూడా జోసఫ్ సూపర్‌వైజరులాగే వెయ్యాల్సి వస్తోంది.

"మా సూపర్‌వైజర్ సాబ్‌ను మీరు ఎరుకపట్టలేదా సార్?" అన్నాడు గుమ్మం దగ్గరనుంచి చర్చి పెద్ద, తనేదో సాయం చేస్తున్నట్టు.

"అవ్ సార్" అన్నాడు జోసఫ్ నేల చూస్తూ. "సూపర్‌వైజర్‌ను."

చిదంబరం ఫైలులో రాసుకున్నాడు. గది చుట్టూ ఒకసారి చూశాడు. ఆ చూపు కుర్చీల మీద, కప్పుల మీద, పట్టుచీర మీద ఆగి, చివరికి తలుపు పక్కకు వచ్చింది.

"చదువుకునే పిల్లవు నువ్వేనా? ఈ ఫ్యాను, కుర్చీలు మీయేనా?"

పైవాళ్లవి అన్న మాట సువార్త గొంతుదాకా వచ్చింది. ఊళ్లో బళ్లో కూడా అంతే. జవాబు తెలిసినా లేచి నిలబడితే నోరు పెగిలేది కాదు. పంతులు పలక మీద రాయమనేవాడు. ఇక్కడ పలక లేదు. అత్త తనవైపే చూస్తోంది. గుమ్మం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు.

సువార్త తల ఊపింది.

చిదంబరం చాయ్ తాగి, కప్పును సాసరులో బోర్లించి లేచాడు. "బుధవారం రా ఆఫీసుకు" అన్నాడు. లూనా చప్పుడు సందు దాటిపోగానే జోసఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"మంచిగ అయింది. మర్యాదగ మాట్లాడిండు" అంది విక్టోరియా.

సువార్త కప్పులు కడిగి తుడిచి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి పైకి చేర్చింది. ఆరూ ఉన్నాయి. దేనికీ పెచ్చు ఊడలేదు.

*

బుధవారం ఆమె ఒక్కతే ఉప్పల్ వెళ్లింది. బస్సు టికెట్టు మిగులుతుందని నాచారం నుంచి నడిచింది. ఫ్యాక్టరీల గోడలు దాటాక, హబ్సిగూడ చౌరస్తా దాటాక, రింగురోడ్డు మీద లారీల దుమ్ములో పక్కకు ఒదిగి ఒదిగి నడిచింది. ఊళ్లో అయితే ఇంత దూరం నడిస్తే పదిమందైనా ఎక్కడికి బిడ్డా అని అడిగేవారు. ఇక్కడ ఒక్కరూ అడగలేదు. అడగాలని ఆమె అనుకోలేదు కూడా. కానీ ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చేసరికి, పొద్దుటినుంచి తను ఒక్క మాటా మాట్లాడలేదని గుర్తొచ్చింది.

కిటికీ వెనక గుమాస్తా రత్నకుమారి ఉంది. ముందు టిఫిను డబ్బా, పక్కన ఫైళ్ల కట్ట. చదివి చదివి కళ్లు అలిసిపోయిన మనిషి.

"సువార్త... సువార్త... ఇదిగో. రాలేదమ్మా. రిజెక్టు."

సువార్త కిటికీ గట్టు మీదికి ఇంకా వంగింది.

"వినపడిందా? సూపర్‌వైజరు ఉద్యోగం. ఇంట్లో కరెంటు ఫ్యాను, మూడు కుర్చీలు. ఆదాయం పద్దెనిమిది వేలని రాశారు గిర్దావరుగారు. అడిగితే నువ్వే ఒప్పుకున్నావట. పక్కకు జరుగు, వెనకాల ఎంతమందున్నారో చూడు."

వెనకనుంచి ఎవరో మోచేత్తో నెట్టారు. సువార్త పక్కకు జరగలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఊరినుంచి తెచ్చుకున్నది అది. ప్రతిరోజూ అందులో నాలుగు ముక్కలు రాసుకుంటుంది. వెనక పేజీ ఒకటి చింపి, కిటికీ గట్టు మీదే పెట్టి రాసి లోపలికి జరిపింది.

రత్నకుమారి కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "ఫ్యాను మాది కాదు. కుర్చీలు మావి కావు. నేనే మోసుకొచ్చాను." చదివి నవ్వబోయి, ఆ పిల్ల ముఖం చూసి మానుకుంది.

"మాటలు రావా నీకు?"

"వస్తయి మేడం."

"మరి ఆ రోజెందుకు చెప్పలేదు? నాకు చెప్తే ఏం లాభం?" అని, గొంతు తగ్గించింది. "ఇలా విను. మీ మామయ్య కంపెనీనుంచి జీతం కాగితం పట్టుకురా. పన్నెండు వేలు దాటకుండా ఉంటే నేను ఎమ్మార్వోగారి ముందు పెడతాను. కాగితం దొరక్కపోతే ఆయన్నే రమ్మను. అసలు సంగతి ఆయన నోటితో చెప్పి సంతకం పెడితే మళ్లీ విచారణకు రాస్తారు. ఏదైనా శుక్రవారం సాయంత్రం లోపలే. సోమవారం వచ్చి ఏడిస్తే నేనేం చెయ్యలేను."

చింపిన కాగితాన్ని ఆమె పారెయ్యలేదు. సువార్త అర్జీకే గుండుసూదితో గుచ్చి పెట్టింది.

*

గురువారం పొద్దుగూకే వేళకు జోసఫ్ కాగితం తెచ్చాడు. కంట్రాక్టరు గోపాలరావు పేరు అచ్చువేసిన కాగితం, కింద గుండ్రటి ముద్ర. ఇంట్లో వాళ్లంతా ఆ కాగితం చుట్టూ చేరారు. చదవగలిగింది సువార్త ఒక్కతే.

రోజుకు నలభై రూపాయలు. నెలకు ఇరవై ఆరు రోజులు. నెల జీతం వెయ్యీ నలభై.

సువార్త మనసులోనే పన్నెండుతో హెచ్చవేసింది. పన్నెండు వేల నాలుగు వందల ఎనభై. మళ్లీ హెచ్చవేసింది. అంతే వచ్చింది.

"ఏమైంది బిడ్డా?" అంది సారమ్మ.

"నాలుగు వందల ఎనభై ఎక్కువైంది అమ్మమ్మా."

"ఎవరికి ఎక్కువైంది? మనకా?" సారమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది. "గా ఎక్కువైంది ఏడున్నదో జర తియ్యిన్రి. నా కండ్లతోటి సూస్త."

విక్టోరియా నవ్వలేదు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా ముద్ర మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "నెలకు వెయ్యీ నలభైనా? నా చేతికి ఐదొందల డెబ్బై ఇస్తవ్. మిగిలింది ఏడ పెడుతున్నవ్?" ఆమె గొంతు మారిపోయింది. "ఎవరికి పెడుతున్నవ్?"

జోసఫ్ లేచి బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల విక్టోరియా గిన్నెలు విసురుగా సర్దుతున్న చప్పుడు. సువార్త కొంచెం దూరంగా గోడ దగ్గర నిలబడింది. జోసఫ్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"సంతకం నలభైకి. చేతికి ఇరవై రెండు."

సువార్తకు వెంటనే అర్థం కాలేదు.

"రిజిస్టరుల నలభై అని రాస్తడు. సర్కారు లెక్క గట్లనే ఉండాలెనట. ఆడ మేం సంతకం పెడుతం. ఇరవై రెండు ఇస్తడు. మిగిలిన పద్దెనిమిది గోపాలరావువి."

"అందరికా మామా?"

"అందరికి. ఆడోళ్లకు ఇంక తక్కువ."

"ఎవ్వరు అడగలేదా?"

"శాంతాబాయి అడిగింది. ప్యాకింగ్‌ల చేస్తుండె. తెల్లారి గేటు బయటున్నది. ఇప్పుడు గా గేటు కాన్నే ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముకుంటది. మేమందరం ఆమె దగ్గరనే కొనుక్కుంటం. కొనేటప్పుడు ఆమె మొకం సూడం."

వీధి దీపం వెలిగింది. పై ఇంట్లో ఎవరో రేడియో పెట్టారు.

"నువ్వొచ్చి ఎమ్మార్వోకు గిదే చెప్పు మామా. నీ నోటితోటి చెప్తే చాలంటున్నది మేడం" అంది సువార్త. ఈ ఇంటికి వచ్చాక ఆమె ఒక్కసారిగా మాట్లాడిన పెద్ద మాట అదే.

"చెప్తే నీకు స్కాలర్‌షిప్ వస్తది. నాకు పని పోతది. గోపాలరావుకు ఆ ఆఫీసుల అందరు ఎరుకే." జోసఫ్ అరచేతిమీద లేచిన పొట్టును గోటితో తీసుకుంటున్నాడు. "ప్రసన్నకు పాలు, గీ ఇంటి కిరాయి... నువ్వే చెప్పు బిడ్డా. చదువుకున్నదానివి. నేనేం జెయ్యాలె?"

మామ నిజంగానే అడుగుతున్నాడు. అదే సువార్తకు కష్టంగా ఉంది.

"గోపాలరావు ఇంకో ముచ్చట అన్నడు" అన్నాడు జోసఫ్. "కాగితం ఎందుకని అడిగితే నీ సంగతి చెప్పిన. గట్లయితే మీ మేనకోడలును ప్యాకింగ్‌ల పెట్టుకుంట, రోజుకు పదిహేను రూపాలిస్త అన్నడు. ఒక్క యేడు చెయ్యి. పైసలు జమ చేసుకుందం. వచ్చే యేడు ఫీజు మనమే కట్టి చదువుకుందువు. ఆఫీసు సుట్టు తిరుగుడు ఉండదు."

లోపలినుంచి విక్టోరియా గుమ్మంలోకి వచ్చింది. మెట్టు మీద మొగుడు అన్న మాటలన్నీ ఆమె విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఇంతకుముందున్న కోపం ఇప్పుడు లేదు. "ఒక్క యేడే గదా సువార్తా" అంది మెల్లగా. "మేం నిన్ను ఎల్లగొడుతలేం. నాకు మాత్రం నువ్వు చదువుకుంటే సంబురం కాదా?"

"వచ్చే యేడు సీటు ఉంటదా?" అంది సారమ్మ లోపలినుంచి. "మనం చర్చిల కలిసినప్పుడు కులం కాగితం మారింది. నేను సూసిన. గీ కూలి కాగితం ఎన్నడు మారుతదో, నేనుండంగ అయితే సూడ."

ఆ రాత్రి సువార్త నోటుబుక్కు తెరిచి రెండు అంకెలు పక్కపక్కన రాసింది. నలభై. ఇరవై రెండు. వాటి కింద పదిహేను అని రాసి ఆగింది. రాయడానికి ఇంకేమీ దొరకలేదు. ఈ నోటుబుక్కు చూసి ఏం రాశావని అడిగిన మనిషి అమ్మ ఒక్కతే. అమ్మకు ఆరో తరగతి దాకానే చదువు. అయినా తమ్ముడు జోసఫ్‌కు సంతకం నేర్పింది ఆమే. బొగ్గుముక్కతో గోడ మీద రాయించి రాయించి నేర్పింది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిది కాకముందే మామ వెంట సువార్త కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. వెళ్తానని గానీ వెళ్లనని గానీ ఆమె అనలేదు. పొద్దున్నే అత్త జడ వేసి పూలు పెట్టింది. అమ్మమ్మ ఏమీ అనకుండా మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆమె తాగలేకపోయింది.

పెద్ద ఇనుప గేటు మూసే ఉంది. దానిలోనే మనిషి పట్టేంత చిన్న తలుపు. కూలీలు తల వంచి ఒక్కొక్కరే అందులోంచి లోపలికి పోతున్నారు. గోడ పక్కన ఒకామె గోనెసంచి పరిచి గంప ముందు పెట్టుకుని ఉంది. జోసఫ్ అటు చూడకుండా నడిచాడు. ఆమె మాత్రం సువార్తను చూసింది.

"కొత్తపిల్లవా? ప్యాకింగ్‌కా?" అంది శాంతాబాయి. "ఏం చదువుకున్నవ్?"

"ఇంటర్."

"ఇంటరా!" శాంతాబాయి గంపలో పల్లికాయలను చేత్తో కలిపింది. "నేను ఏలిముద్రనే ఏసేదాన్ని బిడ్డా. ఏం రాసి ఉన్నదో శానా ఏండ్లకు ఎరుకైంది. నీకు ఇయ్యాలనే ఎరుకైతది."

లోపల అడుగు పెట్టగానే ఘాటైన వాసన కళ్లలోకి వచ్చింది. గేటు పక్కనే రేకుల షెడ్డు, దానిలో ఒక టేబులు. టేబులు వెనక గోపాలరావు, ముందు వరసగా పదిహేనుమంది కూలీలు. హాజరు చెప్పుకుంటూ ముందుకు జరుగుతున్నారు. తలమీద జుట్టు పలచబడ్డ గోపాలరావు నవ్వుముఖం మనిషి.

"ఏం జోసఫ్, గీ పిల్లనేనా? బక్కగున్నదయ్యా. ఇంట్ల తిండి పెడుతలేవా? సూపర్‌వైజర్‌వు గదా!"

వరసలో ఒకరిద్దరు నవ్వారు. జోసఫ్ కూడా నవ్వాడు. ఆ మాట ఇక్కడిదాకా ఎట్లా వచ్చిందో సువార్తకు తెలియలేదు. కానీ ఆ మాట అనిపించుకోవడం మామకు అలవాటేనని ఆ నవ్వు చూస్తే తెలిసింది.

గోపాలరావు రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. "నా దగ్గర నెల సంతకం ముందే. అందరికీ గంతే. నీ పేరు రాసి పెట్టిన. ఈడ పెట్టు."

సువార్త పేజీ చూసింది. పేరు, రోజుకు రేటు, దినాలు, మొత్తం, సంతకం. అన్ని వరసల్లోనూ నలభై. సంతకం గడిలో కొన్ని వేలిముద్రలు, కొన్ని వంకర గీతలు. ఆమె పేరుకు పైన నాలుగు వరసల మీద మామ సంతకం ఉంది. జో, స, ఫ్. చివరి అక్షరానికి పొట్ట పెద్దగా, గుండ్రంగా. అది అమ్మ రాసే తీరు. అమ్మ నేర్పిన రాతతోనే మామ తొమ్మిదేళ్లుగా నెల నెలా ఈ గడిలో సంతకం పెడుతున్నాడు.

"పెట్టు బిడ్డా. పెన్ను ఎండిపోతది" అన్నాడు గోపాలరావు.

సువార్త పెన్ను తీసుకుంది. సోమవారం పొద్దున గిర్దావర్ అడిగినప్పుడు తల ఊపింది. ఈసారి ఆమె తల ఊపలేదు. వంగి, ఆ చిన్న గడిలో పట్టేలా సన్నటి అక్షరాలతో రాసింది. కింద తన పేరు రాసి పెన్ను పక్కన పెట్టింది.

గోపాలరావు రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. "ఇంత పెద్ద సంతకమా?" అని నవ్వుతూ చదవడం మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపాడు. "చేతికి ఇచ్చేది... పదిహేను." ఆ మాటలు పైకే చదివాడు. చదివాక తెలిసింది, వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారని.

ఎవరో దగ్గారు.

"ఏందే ఇది?"

సువార్త టేబులు అంచు చూస్తోంది.

"కొట్టెయ్యి దాన్ని. కొట్టేసి పేరొక్కటి రాయి."

ఆమె చేతులు కదల్లేదు. గోపాలరావు పెన్ను తీసి ఆమె వేళ్ల మధ్య పెట్టబోయాడు. పెన్ను జారి నేల మీద పడింది.

"నేను కొట్టెయ్య సార్" అంది సువార్త. గొంతు పెద్దగా రాలేదు. కానీ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి చివరి మనిషిదాకా వినపడింది.

గోపాలరావు అరవలేదు. రిజిస్టరు మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. వరసనంతా ఒకసారి చూసి, జోసఫ్ దగ్గర ఆగాడు.

"జోసఫ్. గీ పిల్లను బయటికి పంపు. వాచ్‌మన్ వద్దు. నువ్వే తలుపు ఏసి రా. ఏసినంక లోపలికి రా, నీ డ్రమ్ములు ఆడనే ఉన్నయి."

జోసఫ్ నడిచాడు. సువార్త ముందు, అతను వెనక. షెడ్డునుంచి గేటుదాకా ఇరవై అడుగులు కూడా ఉండవు. వరసలో వాళ్లు ఎవరూ వాళ్లవైపు చూడలేదు. శాంతాబాయి ముఖం చూడనట్టే, ఇదీ అంతే అనుకుంది సువార్త. చిన్న తలుపు దగ్గర తల వంచి బయటికి అడుగుపెట్టి వెనక్కి తిరిగింది.

జోసఫ్ తలుపు పట్టుకుని లోపల నిలబడి ఉన్నాడు. అతని మరో చేతిలో టిఫిను డబ్బా ఉంది. దాన్ని ఆమెకు అందించాడు.

"పొద్దున ఏం తినలే నువ్వు" అన్నాడు.

"సాయంత్రం దాకా ఉంటది మామా ఆఫీసు" అంది సువార్త. "నేను ఉప్పల్ పోయి మెట్ల కాడ కూసుంట."

జోసఫ్ ఆమె ముఖం చూశాడు. భుజం మీదుగా వెనక్కి, షెడ్డు వైపు చూశాడు. పొట్టు లేచిన ఆ చెయ్యి ఇనుప రేకు అంచును గట్టిగా పట్టుకుంది.

"తొందరగ ఏసి రావయ్యా" అని లోపలినుంచి గోపాలరావు కేక వినపడింది.

తలుపు మూసుకుంది, గడియ ఇంకా పడలేదు. సువార్త టిఫిను డబ్బా పట్టుకుని, గడియ చప్పుడు ఎప్పుడు వినపడుతుందా అని అక్కడే నిలబడింది.